‘గోవిందా’ అంటే ‘గోవు ఇందా’నా? ఏడుకొండల పిలుపు వెనక అసలు కథ

మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఈ ఫార్వర్డ్ ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. శ్రీనివాసుడు భూలోకానికి వచ్చాక అగస్త్య మహర్షి ఆశ్రమానికి వెళ్ళి ఒక ఆవును ఇమ్మని అడిగాడట. ‘ఒంటరివాడివి, ఆవును ఎట్లా సాకుతావు? పెళ్ళి చేసుకుని భార్యతో రా, అప్పుడిస్తా’ అన్నాడట మహర్షి. పద్మావతమ్మతో పెళ్ళయ్యాక స్వామి మళ్ళీ వచ్చాడు. ఆ సమయానికి మహర్షి ఆశ్రమంలో లేడు. శిష్యుడు ‘గురువుగారు వచ్చేదాకా ఆగండి’ అన్నాడు. స్వామి ఆగకుండా కొండ దారి పట్టాడు. కాసేపటికి వచ్చిన అగస్త్యుడు విషయం తెలిసి, ఆవును తోలుకుంటూ ‘స్వామీ, గోవు ఇందా... గోవు ఇందా...’ అని అరుస్తూ వెనకాల పరుగెత్తాడు. ఆ అరుపులే కలిసి ‘గోవిందా గోవింద’ అయ్యాయట. కింద రెండు దండాల ఎమోజీలు, ‘పది మందికి పంపండి’ అనే లైను.

మా అవ్వకు ఈ కథంటే ప్రాణం. మాది ప్రొద్దుటూరు. మా ఇంటి దేవుడు ఏడుకొండలవాడు. గ్రూప్‌లో ఈ కథ పడ్డ రోజు బెంగళూరులో ఉన్న మా చిన్నాన్న కొడుకు ‘ఇదంతా ఫేక్, ఫార్వర్డ్ చేసేముందు చెక్ చేసుకోండి’ అని పెట్టాడు. అవ్వ నాకు ఫోన్ చేసి, ‘ఏం రా, వాడు చెప్పేది నిజమేనా? ఇన్నేండ్లు నేను పిలిచింది తప్పా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పలేం. అందుకే ఈ వ్యాసం.

ముందు కథను పరీక్షిద్దాం

కథలోని కీలకమంతా ‘ఇందా’ అనే మాటలో ఉంది. ‘ఇందా, తీసుకో’ అని మనం రోజూ అంటాం. అది అచ్చ తెలుగు మాట. అంటే ఈ కథ నిజం కావాలంటే ‘గోవింద’ అనే పేరు తెలుగులో పుట్టి ఉండాలి.

పూర్తి తెలుగులో ఉన్న శాసనాల్లో మొదటిదిగా చెప్పుకునేది మా జిల్లాలోనే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో దొరికింది. రేనాటి చోళుల కాలం నాటిది, క్రీ.శ. 575 ప్రాంతం. అంతకుముందు జనం తెలుగు మాట్లాడలేదని కాదు, రాతలో దొరికిన లెక్క అది. మరి ‘గోవింద’ అనే పేరో? పాణిని వ్యాకరణానికి వార్తికాలు రాసిన కాత్యాయనుడు ఈ మాట ఎట్లా ఏర్పడిందో చర్చించాడు. ఆయన కాలం సుమారు క్రీ.పూ. 3వ శతాబ్దం అంటారు. కలమళ్ళ శాసనానికి ఎనిమిది వందల ఏళ్ళ ముందు మాట!

భగవద్గీత తెరవండి. మొదటి అధ్యాయంలోనే, ఈ రాజ్యం నాకెందుకని బాధపడేటప్పుడు అర్జునుడు కృష్ణుణ్ణి పిలిచే పేరు గోవిందుడే. రెండో అధ్యాయంలో ‘నేను యుద్ధం చేయను’ అని చెప్పి ఊరుకునేటప్పుడూ అదే పేరు. అంటే శ్రీనివాస కల్యాణ కథ కంటే, మన భాషలో రాత మొదలవడం కంటే చాలా ముందే ఈ పేరు సంస్కృతంలో స్థిరపడిపోయింది. కాబట్టి చరిత్ర లెక్కలో ‘గోవు ఇందా’ నిలబడదు.

మరి అసలు అర్థం ఏమిటి?

ఇక్కడే మజా ఉంది. పండితులకు కూడా ఒకే జవాబు లేదు, కనీసం మూడున్నాయి.

మొదటిది, అందరికీ తెలిసిన గోవర్ధనగిరి కథ. ఇంద్రుడు కోపంతో రాళ్ళవాన కురిపిస్తే కృష్ణుడు కొండను గొడుగులా ఎత్తి ఊరినీ ఆవులనూ కాపాడాడు. తర్వాత ఇంద్రుడు తగ్గి వచ్చాడు. భాగవతం దశమ స్కంధంలో ఆ ఘట్టం ఉంది. కామధేనువు పాలతో, ఐరావతం తొండంతో తెచ్చిన ఆకాశగంగ నీళ్ళతో కృష్ణుడికి అభిషేకం చేసి, ‘గోవిందుడు’ అని పేరు పెట్టారు. దీన్నే గోవింద పట్టాభిషేకం అంటారు. హరివంశంలో ఇంద్రుడు ఇంకా స్పష్టంగా చెబుతాడు: నేను దేవతలకు ఇంద్రుణ్ణి, నువ్వు ఆవులకు ఇంద్రుడివి, అందుకే లోకం నిన్ను గోవిందుడని కీర్తిస్తుంది అని. ఈ ఘట్టాలను తెలుగులో చెప్పినవాడు పోతన. ఆయన మావాడే, భాగవతాన్ని మా రాముడికే అంకితమిచ్చాడని మా ఒంటిమిట్ట వాళ్ళు అంటారు. కాదు, మా బమ్మెర వాడని వరంగల్ వాళ్ళంటారు. ఆ పంచాయితీ ఈరోజు వద్దులెండి.

రెండోది, ‘వింద’ అంటే పొందేవాడు, వెతికి పట్టుకునేవాడు. ఆవులను వెతికి తెచ్చేవాడు గోవిందుడు. ఋగ్వేదంలో ఇంద్రుణ్ణి ‘గోవిత్’ అంటే ఆవులను కనిపెట్టేవాడు అని పిలిచారు. ఆ పాత బిరుదే కాలక్రమంలో కృష్ణుడికి ‘గోవింద’ అయి ఉండొచ్చని ఆర్.జి. భండార్కర్ 1913లో వచ్చిన వైష్ణవ, శైవ మతాల మీది తన పుస్తకంలో రాశారు. ఇంకొందరు భాషావేత్తలు ‘గోపేంద్ర’ అంటే గొల్లల రాజు అనే మాట ప్రాకృత జనం నోట్లో నలిగి ‘గోవింద’ అయిందేమో అన్నారు. ఇదే నిజమైతే ఇది పశువులు కాసుకునే వాళ్ళ నోట్లో రూపుదిద్దుకుని, తర్వాత పండితుల దగ్గరికి చేరిన పేరన్నమాట.

మూడోది మన తిరుమలకు దగ్గరిది. సంస్కృతంలో ‘గో’ అంటే ఆవు ఒక్కటే కాదు. భూమి, మాట, కిరణం లాంటి అర్థాలూ ఉన్నాయి. మహాభారతం శాంతిపర్వంలో స్వామే చెప్పుకుంటాడు: పూర్వం కనిపించకుండా పోయిన భూమిని నేను కనిపెట్టాను, అందుకే దేవతలు నన్ను గోవిందా అని స్తుతించారు అని. అంటే వరాహావతారం. విష్ణు సహస్రనామంలో గోవింద నామం రెండుసార్లు వస్తుంది, 187వ పేరుగా ఒకసారి, 539వ పేరుగా మరోసారి. రెండోసారి వచ్చేటప్పుడు దానికి సరిగ్గా ముందున్న నామం మహావరాహుడు!

తిరుమలను ఆదివరాహ క్షేత్రం అంటారు. ముందు పుష్కరిణి పక్కన వరాహస్వామిని చూసి, ఆ తర్వాతే శ్రీవారి దగ్గరికి వెళ్ళాలన్నది అక్కడి ఆచారం. ఆ కొండ మీద ‘గోవిందా’ అని అరిచే జనంలో చాలామందికి ఈ లింకు తెలియదు. కానీ భూమిని వెతికి తెచ్చినవాణ్ణి, ఆ వరాహస్వామి కొండ మీదే, ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

‘గోవిందా’ పొడుగు, ‘గోవింద’ పొట్టి

ఎప్పుడైనా గమనించారా? మనం ‘గోవిందా... గోవింద’ అంటాం. మొదటిది సాగుతుంది, రెండోది తెగుతుంది. సంస్కృతంలో పిలిచేటప్పుడు చివర ‘గోవింద’ అని పొట్టిగానే ఉంటుంది. తెలుగులో పిలుపు అంటే దీర్ఘం. రాముడు ‘రామా’ అవుతాడు, అన్న ‘అన్నా’ అవుతాడు. కాబట్టి మన నినాదంలో ముందు తెలుగువాడి కేక ఉంది, వెనక సంస్కృత రూపం ఉంది. ఇది ఎవరో కూర్చుని చేసింది కాదు, గొంతుకు వీలుగా కుదిరింది.

ఇది పనిచేసే తీరు కూడా చూడండి. ఒకరు ‘ఏడుకొండలవాడా, వెంకటరమణా’ అని అందుకుంటారు. మిగతావాళ్ళు ‘గోవిందా గోవింద’ అని బదులిస్తారు. అందుకునేవాడు ఊపిరి పీల్చుకునేలోగా గుంపు పలుకుతుంది, గుంపు ఊపిరి తీసుకునేలోగా అతను మళ్ళీ అందుకుంటాడు. బరువులు లాగేటప్పుడు కూలీలు ‘ఐలెస్సా’ అనే పద్ధతే ఇది. తేరు తాడు లాగేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, శేషాచలం అడవిలో నడిచేటప్పుడు అడుగుకు అడుగు కలిపేది ఈ లయే. మా వైపు నుంచి కుక్కలదొడ్డి మీదుగా కొండకు పోయే పాత కాలిబాటను అన్నమయ్య మార్గం అంటారు. ఆ దారిలో నడిచిన మా పెదనాయన, ‘గోవింద అనకుంటే కాళ్ళు కదలవు రా’ అనేవాడు. భక్తి సంగతి ఎట్లున్నా, ఊపిరి లెక్క మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం.

హరికథలో వినిపించే ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ సంగతి మరొకటి. అక్కడ ‘గోవిందా’ కాకుండా ‘గోవిందో’ ఎందుకైంది? స్కూల్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళకు గుర్తుండాలి. గోవిందః, హరిః రెండూ పక్కపక్కన వస్తే విసర్గ ‘ఓ’గా మారుతుంది. రాత్రంతా హరికథ వింటూ కూర్చున్న పల్లెటూరి జనం ఏ వ్యాకరణ పుస్తకమూ ముట్టకుండానే విసర్గ సంధిని గట్టిగా అరిచి అప్పజెప్పేవాళ్ళన్నమాట!

తిరుమలకు తొలి గడప

ఈ పేరు మా సీమ గడపలోకి ఎట్లా వచ్చింది? తమిళనాట ఆండాళ్ తిరుప్పావైలో చివరి పాశురాల్లో, 27, 28, 29లో వరసగా గోవింద నామం వస్తుంది. ధనుర్మాసంలో మన గుళ్ళలో కూడా వాటిని పాడతారు. తిరుపతి ఊళ్ళో గోవిందరాజస్వామి గుడిని రామానుజులు స్థాపించారన్నది సంప్రదాయం. కొండ కింద గోవిందుడు, కొండ మీద వెంకటేశుడు.

మా వైపు నుంచి ఈ పేరుకు గొంతునిచ్చినవాడు రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య. 1408లో పుట్టాడని, 1503లో పోయాడని అంటారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఇల్లొదిలి, కొండకు పోయే యాత్రికుల గుంపుతో కలిసి నడిచి వెళ్ళాడని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. తర్వాత అహోబిలంలో శఠకోపయతి దగ్గర చదువుకున్నాడు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. గోవింద నామంతోనే ఎత్తుకునే పాటలు వాటిలో ఉన్నాయి. ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద భద్రపరిచారు. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, మన సీమవాడైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి వాళ్ళు వాటిని పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు.

కడప ఊరికి ఆ పేరు ‘గడప’ నుంచే వచ్చిందంటారు. తిరుమలకు తొలి గడప. దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరస్వామి మీద కూడా అన్నమయ్య పాడాడు. రథసప్తమి నాడు అక్కడ తేరు లాగుతుంటే వినిపించే కేక మీకు తెలిసిందే. ఉగాది నాడు వెళ్ళి చూడండి. ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, పూలు పట్టుకుని లైన్లో కనిపిస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, కాబట్టి వెంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడు. పండగపూట అల్లుడి ఇంటికి పోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

అటు కర్నూలు వైపు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని అహోబిలంలోనూ ఇంతే. సంక్రాంతి వెళ్ళాక నరసింహస్వామి పల్లకీ కొండ దిగుతుంది. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతుంది. దాన్ని పారువేట అంటారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. వాళ్ళు పల్లకీ వైపు బాణం వేయడంతో వేట మొదలవుతుంది. గుడికి రాలేని ముసలివాళ్ళ దగ్గరికి గుడే నడిచి వస్తుంది. వీధి మలుపు తిరగకముందే ముందుగా వచ్చేది గోవింద నామం.

ఈ పిలుపు ఎవరిది?

ఇంత అందంగా చెప్పాక ఒక చేదు మాట కూడా చెప్పాలి. గోవిందా అని పిలిచే హక్కు అందరికీ ఉంది గానీ, గుడి లోపలికి వెళ్ళే హక్కు చాలాకాలం అందరికీ లేదు. మా సీమలో మాలదాసర్లు ఉన్నారు. నామం పెట్టుకుని, తమ వాళ్ళకు తామే పూజలు, పెళ్ళిళ్ళు చేయించే వైష్ణవులు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన మాలదాసరి కథ మీరు వినే ఉంటారు. రోజూ తెల్లవారకముందే గుడి దగ్గరికి వెళ్ళి పాడే భక్తుణ్ణి దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. పాడి వస్తాను, తర్వాత తిను అని మాటిచ్చి వెళ్ళి, నిజంగానే తిరిగి వస్తాడు. చివరికి తన పాట పుణ్యంతో ఆ రాక్షసుణ్ణే విడిపిస్తాడు. ఆ రాక్షసుడు పూర్వజన్మలో బ్రాహ్మణుడు!

విజయనగర చక్రవర్తి రాసిన కావ్యంలో విడిపించినవాడు మాలదాసరి. ఆ కావ్యం వచ్చి ఐదు వందల ఏళ్ళయింది. మన ఊళ్ళలో గుడి ముందు ఎవరెక్కడ నిలబడాలన్న గొడవ అంతకాలమూ సాగింది, కొన్నిచోట్ల ఇంకా సాగుతోంది. నినాదంలో ఉన్న సమానత్వం వీధిలోకి రావడానికి ఇంకా నడవాల్సిన దూరం ఉంది. గోవిందా అని గట్టిగా అనే ప్రతివాళ్ళూ తమ పక్కన నిలబడినవాళ్ళ వైపు ఒకసారి చూడాలని నాకనిపిస్తుంది.

నామం పెట్టిన చెంబు

మా ఇంట్లో ఈ పాఠం వేరే రకంగా చెప్పారు. శ్రావణ శనివారాల్లో, కొందరిళ్ళలో పెరటాసి శనివారాల్లో, నుదుటన నామం, చేతిలో నామాలు పెట్టిన చెంబుతో ఇల్లిల్లూ తిరిగి ‘వెంకటరమణా గోవిందా గోవింద’ అని అడుక్కోవాలి. సీమలో పుట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎంత ఆస్తి ఉన్నా కనీసం మూడిళ్ళు అడగాల్సిందే. వచ్చిన బియ్యంతోనే ఆరోజు వండి స్వామికి తళిగ వేయాలి.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాకు ఇదంటే చచ్చేంత సిగ్గు. ఒక శనివారం మూడో గుమ్మంలో నా క్లాస్‌మేట్ నిలబడి ఉన్నాడు. గొంతు పెగల్లేదు. వాళ్ళమ్మ వచ్చి, ‘గోవిందా అనకుంటే బియ్యం ఎట్లేస్తారప్పా?’ అని నవ్వింది. అన్నాను. చెంబులో బియ్యం పడ్డాయి. ఇంటికొచ్చి నాయనతో, ‘మనకు బియ్యం లేవా, ఎందుకు అడుక్కోవాలి?’ అని గొడవేసుకున్నా. నాయన ఒక్కటే అన్నాడు: ‘ఉన్నప్పుడు అడుక్కోవడం నేర్చుకుంటే, లేనోడు మన గడపలోకి వచ్చినప్పుడు వాణ్ణి చిన్నచూపు చూడవు.’

కరువు తెలిసిన నేల ఇది. వాన ముఖం చాటేస్తే నిన్నటి రైతు ఇవాళ కూలీ అవుతాడు. ఎండాకాలం మేత దొరక్క పశువులను సంతకు తోలిన ఇళ్ళు ఎన్నో. గోవర్ధన కథలో ఊరిని ముంచే వాన నుంచి కాపాడినవాడు గోవిందుడు. మా దగ్గర రాని వాన కోసం పిలిపించుకునేవాడు కూడా ఆయనే. బిచ్చమెత్తే ఆచారం ఇక్కడ ఇంత గట్టిగా నిలబడటానికి ఈ నేలే కారణమని నేను అనుకుంటాను.

ఇప్పుడు ఆ ఆచారం సన్నబడుతోంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఏ ఫ్లాట్‌కు?’ అని అడుగుతాడు. నిరుడు మా అక్క కొడుకును అదే అంతస్తులో ఉన్న మూడు ఫ్లాట్లకు పంపింది. ఒక తలుపు తెరుచుకోలేదు, రెండో తలుపులో వాళ్ళు యూపీఐ స్కానర్ ఉందా అని అడిగారు. మూడో తలుపులో ఉత్తరాది ఆవిడ. విషయం అర్థం కాకపోయినా పిల్లవాడి నామం చూసి, గ్లాసెడు బియ్యం తెచ్చి పోసింది. ఆ గ్లాసుతోనే పొంగలి అయింది.

డబ్బులు గోవిందా!

ఇక మన తరం వాడే ‘గోవిందా’ సంగతి. ‘లోన్ యాప్‌లో ఇరుక్కున్నా, జీతం మొత్తం గోవిందా’, ‘ఫోన్ నీళ్ళలో పడింది, గోవిందా’. పొగడ్త మాట పోగొట్టుకునే మాట ఎట్లా అయింది?

జనం రెండు కారణాలు చెబుతారు. ఒకటి హుండీ. గోవిందా అని అందులో వేసిన డబ్బు తిరిగి రాదు. కొండ మీద ఇచ్చిన తలనీలాలూ అంతే. రెండోది చావు. చాలా ఊళ్ళలో శవాన్ని మోసుకుపోయేటప్పుడు ‘గోవిందా గోవింద’ అంటారు. పోయినవాళ్ళు తిరిగి రారు. నాకు రెండూ కలిసే ఉంటాయనిపిస్తుంది. రెండింట్లోనూ ఉన్నది ఒకటే: చేతిలోంచి వదిలేయడం. ఇష్టంగా వదిలితే మొక్కు, తప్పక వదిలితే చావు, ఏడవలేక నవ్వితే జోకు. పుట్టు వెంట్రుకల నుంచి పాడె దాకా ఒకే మాట సరిపోతోందంటే, ఆ మాటను జనం ఎంత వాడుకున్నారో చూడండి.

ఇట్లాంటి మాటలు ఒక్క మతానివే కావు. నంద్యాల, జమ్మలమడుగు చర్చిల్లో వినిపించే ‘హల్లెలూయ’ హీబ్రూ మాట. యెహోవాను స్తుతించండి అని దాని అర్థం. వేల ఏళ్ళు, వందల భాషలు దాటినా జనం నోట్లో అది అట్లాగే నిలిచింది. ‘సుభానల్లా’ అరబ్బీ నుంచి అట్లాగే వచ్చి కడప వీధుల్లో నిలిచింది. స్తుతి మాటలను జనం అర్థం కోసం కాదు, శబ్దం కోసం దాచుకుంటారు. అర్థం మరుగున పడినప్పుడు దాన్ని నింపడానికి కథ పుడుతుంది.

మరి అవ్వ చెప్పింది అబద్ధమా?

కర్నూలు పాత పేరు కందెనవోలు. ఆలంపురం గుడి కట్టడానికి రాళ్ళు మోసుకుపోయే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాట, అందుకే ఆ పేరంటారు. ఇట్లా జనం చెప్పుకునే పుట్టుక కథలను జననిరుక్తి అంటారు. అవి మాట పుట్టుకను సరిగ్గా చెప్పకపోవచ్చు. కానీ ఆ నేలను, అక్కడి బతుకును చెబుతాయి. కందెన కథలో బండ్లు, నది, గుడి ఉన్నాయి. ‘గోవు ఇందా’ కథలో ఏముంది? ఆవు ఉంటేనే సంసారం నడిచే ఇల్లుంది. ఆడిన మాట తప్పకూడదని ముసలితనంలో కూడా పరుగెత్తే ఒక మనిషి ఉన్నాడు. దేవుడికి సంస్కృతంలో ఉన్న పేరును తెలుగు ఇంటి మాటతో విప్పుకోవాలన్న ఆశ ఉంది. పెళ్ళయ్యాక శ్రీనివాసుడు, పద్మావతి అగస్త్యుడి ఆశ్రమంలో ఆరునెలలు ఉన్నారన్న స్థలపురాణం మీద అల్లిన కథ ఇది. చరిత్రగా చెబితే తప్పు. కథగా చెబితే మన సొత్తు.

మా అవ్వకు ఇదంతా ఫోన్లో ఓపిగ్గా చెప్పా. పేరు చాలా పాతదని, కథ తర్వాత వచ్చిందని. అంతా విని, ‘అంటే ఆయప్ప పేరు నేననుకున్నదానికంటే పాతది అంటాండావు, అంతే కదా? మంచిదే’ అంది. చిన్నాన్న కొడుక్కి కూడా ఒక మాట చెప్పా. నువ్వు చెప్పింది నిజమే గానీ, ‘ఫేక్’ అనే ఒక్క మాటతో కొట్టిపారేయకుండా, అసలు సంగతేందో కూడా రాయాల్సింది అని.

ఇక మహాభారతంలోని ఒక మాటతో ముగిస్తా. నిండుసభలో ద్రౌపది ‘గోవిందా’ అని పిలవడం మనకు సినిమాల్లో, నాటకాల్లో బాగా తెలుసు. పుణేలోని భండార్కర్ సంస్థ పండితులు వందల చేతిరాత ప్రతులను పోల్చి భారతానికి శుద్ధప్రతి తయారు చేసినప్పుడు, సభాపర్వంలోని ఆ ప్రార్థనను తర్వాత చేరిందిగా తేల్చి ప్రధాన పాఠం నుంచి తప్పించారు. కానీ ఉద్యోగపర్వంలో కృష్ణుడి మాట ఒకటి అలాగే ఉండిపోయింది. దూరంగా ఉన్న నన్ను ద్రౌపది గోవిందా అని పిలిచింది, ఆ అప్పు పెరిగిపోయి నా గుండెలోంచి పోవడం లేదు అంటాడాయన.

పిలిచినవాళ్ళు కాదు, విన్నవాడు అప్పుపడ్డాడట. అప్పంటే ఏమిటో మా సీమ వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అది నిద్ర పట్టనివ్వదు. దేవుడు కూడా మా మాదిరే ఒక బాకీ మోస్తున్నాడని వ్యాసుడు రాశాడంటే, ఇన్ని వందల ఏళ్ళు ఇంత ఎండలో జనం ఆ పేరును ఎందుకు వదల్లేదో నాకు కొంచెం అర్థమైంది.